ఎముకల చెలమ

పోయినవాటిని ముందుగా లెక్క చూసుకుంటాను. అది తేలితే తప్ప నా మనసు ఇంకో పని మీదికి పోదు.

రెండు వరసల ఇటుక లైన్లు పోయాయి. వాటిలోని ఇరవై మూడు ఇళ్ళు పోయాయి. సాయంత్రమయ్యేసరికి ఆ ఇళ్ళన్నిటి ముందూ ఒక్కసారే రాజుకుని కళ్ళు మండించే బొగ్గుల పొయ్యిలు పోయాయి. గోడల మీద ఎండబెట్టిన నెత్తళ్ళ చేపల వాసన, ఆ వాసన మీద పక్క లైను బిహారీ వాళ్ళు పెట్టుకునే తగవు, రెండూ పోయాయి. డాక్ సైరన్ పోయింది. ఓడలోంచి గోనె బస్తా వీపు మీదికి దింపుకునే పని పోయింది. ఆ పని చేసిన వీపులు తర్వాత ఒకటొకటిగా పోయాయి. ముప్పై ఒక్క ఎముకలు పోయాయి, ఒక రాయి పోయింది. మా నాన్న తల్లి, మా మామ్మ, పోయింది. "ఏటే గుంటా" అని నన్ను పిలిచే నోళ్ళన్నీ పోయాయి. ఇప్పుడు ఈ కలకత్తాలో నన్ను కొందరు మాసిమా అంటారు, కొందరు ఆంటీ అంటారు. రెండింటికీ పలుకుతాను. అన్నిటికంటే ముందు ఒక చెలమ పోయింది. మిగతావన్నీ దాని వెనకాలే వెళ్ళాయని నా అనుమానం.

ఈ లెక్క మళ్ళీ తీయడానికి కారణం మా వీధి చివర కొత్త ఫ్లాట్ల కోసం వేస్తున్న బోరు. కొన్నాళ్ళుగా దాని గొట్టం బూడిద రంగు బురద కక్కుతోంది. నిన్న మధ్యాహ్నం ఆ బురద నల్లబడింది. నేను పైన కూర్చుని ఒక కుట్టు కార్ఖానా వాళ్ళ కూలి లెక్కలు చూస్తున్నాను. కిటికీలోంచి వాసన వచ్చింది. తడిసిన టీ పొడి, తుప్పు, కుళ్ళిన ఆకు, ఈ మూడూ కలిసిన వాసన. వేసిన కూడిక మళ్ళీ వేశాను. తప్పింది. ఇంకోసారి వేశాను, ఇంకోలా తప్పింది. చెప్పులేసుకుని కిందికి దిగి, గొడుగు మొనతో ఆ బురదను కెలుకుతుంటే బోరు కుర్రాడు, "కీ ఖుఁజ్‌ఛేన్ మాసిమా?" అన్నాడు, ఏం వెతుకుతున్నారని. ఏనుగు పన్ను అంటే నవ్వుతాడు. ఏమీ లేదని చెప్పి పైకి వచ్చాను. అప్పటినుంచి కుదురుగా కూర్చోలేకపోతున్నాను.

ఖిదిర్‌పూర్ దాటి గార్డెన్ రీచ్ వైపు వెళ్ళే దారిలో, డాక్ గోడ వెనక మా లైన్లుండేవి. అందరం శ్రీకాకుళం వైపు వాళ్ళమే. మా తాతల కాలంలోనే వచ్చి, మగవాళ్ళు డాకులో మోతపనికి కుదిరారు. వీధి కుళాయి ఒకటుండేది. ఇనుప వాసన కొట్టే పచ్చటి నీళ్ళు కాసేపు ఇచ్చి, ఇక చాలన్నట్టు గుటకలు మింగేది. దాని దగ్గర నాలుగు భాషల్లో తిట్లుండేవి. నాకు బెంగాలీ, హిందీ ముందుగా వచ్చింది అక్కడే, ఆ తిట్లతోనే.

లైన్ల వెనక ఒక పెద్ద గొయ్యి ఉండేది. ఎప్పుడో ఏదో పంపుహౌసు పునాదికని తవ్వి, నీళ్ళు పైకి తన్నుకొస్తుంటే విసిగి వదిలేశారట. దాని గోడలు చూస్తే పైన పసుపు మట్టి, దాని కింద నల్లటి పొర, ఆ పొరలో అడ్డంగా ఇరుక్కున్న చెట్ల మొద్దులు. అన్నిటికంటే అడుగున బూడిద రంగు ఇసుక. ఆ ఇసుకలో ఒకచోట రేణువులు ఉడుకుతున్న గంజిలా ఎగిరెగిరి పడేవి. బెంగాలీ వాళ్ళు దాన్ని చూసి మురుగనుకున్నారు. బిహారీ వాళ్ళు పాము పుట్ట అనుకున్నారు. మా ఆడవాళ్ళు నాగావళి ఇసుకలో చేతులతో చెలమలు తవ్వుకుని వేసవులు గడిపినవాళ్ళు. చూడగానే తెలిసిపోయింది. అడుగు ఊడిపోయిన పీపా ఒకటి తెచ్చి ఊట చుట్టూ దింపారు. నీళ్ళు తేరాక కొబ్బరి చిప్పతో తోడి రుచి చూశారు. తియ్యగా ఉన్నాయి.

చెలమకు పద్ధతులుండేవి. బిందె ముంచకూడదు, ఇసుక కలగకుండా చిప్పతోనే తోడాలి. వంతుకు ఇంటికి ఒక్క బిందె. ఊట మెల్లగా ఊరేది కాబట్టి ఒక్క రోజులో అన్ని ఇళ్ళకూ అందేది కాదు. నేడు ఏ ఇంటి దగ్గర ఆగితే రేపు ఆ తర్వాతి ఇంటితో మొదలు. ఇరవై మూడూ అయ్యాక మళ్ళీ ఒకటి. వంతు పిలిచే పని చిన్నపిల్లదే అయి ఉండాలని మా మామ్మ పట్టుబట్టింది. "పెద్దోలు పిలిస్తే తోడికోడలొకటీ, ఆడపడుసొకటీ అయిపోద్ది. గుంటకయితే అందరూ ఒకటే" అంది. ఆ గుంటను నేనే.

నేను బడిలో ఎక్కువ కాలం నిలవలేదు. పదమూడు తర్వాత పద్నాలుగు వస్తుందని నాకు పలక చెప్పలేదు, మనుషులే చెప్పారు. పన్నెండంటే ఎప్పుడూ నవ్వే ముసలి జంట. పదమూడంటే మూలింటి అత్త, వంతు రాకముందే వచ్చి బిందె గట్టు మీద పెట్టి, "అయ్యిందేటే? ఇంకా అవ్వలేదేటే?" అని నా ప్రాణం తీసే మనిషి. పదిహేడు మేము. కూడికలు, తీసివేతలు అన్నీ ఆ ముఖాల మీదే నేర్చుకున్నాను. ఇప్పటికీ ఎవరైనా పదమూడు అంటే నాకు ఒక ఇత్తడి బిందె చప్పుడు వినిపిస్తుంది.

ఆ నీళ్ళతో కాచిన చోడి అంబలి, రాగి అంబలి, రుచి వేరు. ఉల్లిపాయ కొరుక్కుని, నిప్పుల మీద కాల్చిన నెత్తళ్ళు నంజుకుని తాగితే మా నాన్న, "ఇది తాగి ఓడనే ఎత్తీవొచ్చు" అనేవాడు. ఆ రోజుల్లోనే డాకులో మోతకు బస్తాలు తగ్గుతూ వస్తున్నాయి. ఇనుప పెట్టెలు, కంటైనర్లు, దిగుతున్నాయి. వాటిని క్రేను ఎత్తుతుంది. నాన్న పొద్దున్నే వెళ్ళి పని దొరక్క మధ్యాహ్నానికే తిరిగి వచ్చేవాడు. వచ్చి కూర్చునేవాడు కాడు. ఇంట్లోకీ బయటికీ తిరుగుతూ ఉండేవాడు. లైన్లలో అందరి నాన్నలూ అలాగే తిరుగుతూ ఉండేవారు. మాకు ఆటలో కూడా ఒకచోట నిలబడటం రాలేదు.

మా ఆటల్లో ఒకటి చెలమతో. పెద్దవాళ్ళు చూడకుండా చొక్కా గుండీ ఒకటి తెంపి, ఉడికే ఇసుక మధ్యలో వేసేవాళ్ళం. అది మింగేది. మళ్ళీ ఎప్పుడు ఉమ్ముతుందోనని పందెం. కొన్ని పది రోజులకు తిరిగి వచ్చేవి. ఒక్కోసారి ఎవరూ వేయని వస్తువు వచ్చేది. అప్పుడు మా మామ్మకు చెప్పక తప్పేది కాదు.

అలా వచ్చినవే ఎముకలు. వేసవికి ముందు అందరూ కలిసి పూడిక తీసినప్పుడు ఎక్కువ దొరికేవి. నల్లగా ఉండేవి, ఎముకకు ఉండాల్సిన బరువు కంటే ఎక్కువ బరువుండేవి. ఒకదానితో ఒకటి కొడితే ఇనుములా మోగేవి. అవి ఏమిటన్న దాని మీద రోజూ వాదన. ములిగిపోయిన ఓడలోని గొడ్లవని ఒకరు, దొరల గుర్రాలవని ఇంకొకరు. మా మామ్మ మాత్రం, "రాచ్చసుల కాలం నాటివి" అని తేల్చేసింది.

"రాచ్చసులవయితే ఇంట్లో ఎలగ పెట్టుకున్నావు?" అని మూలింటి అత్త అడిగింది.

"రాచ్చసులదయితే ఏటి? మడమ పగుళ్ళకి బాగున్నాది."

మామ్మకు వచ్చింది అరచెయ్యి కంటే పెద్దదైన ముక్క. ఒక పక్క గట్లు గట్లుగా, నాగటి చాళ్ళలా ఉండేది. దాన్ని గడప పక్కన పెట్టుకుని రోజూ మడమలు రుద్దుకునేది. తొమ్మిదో ఇంటివాళ్ళు వెన్నుపూస ముక్క మీద దీపం పెట్టేవారు. ఒకరింట్లో పక్కటెముక ఎండేసిన చీర ఎగరకుండా బరువు. తాబేలు డిప్ప ముక్క ఉప్పు కుండకు మూత. నున్నటి రాయి ఒకటి దొరికితే, దాని అంచు పదునుగా ఉందని మా అమ్మ చేపల పొలుసు గీకేది. ఏ ఇంటికి వచ్చింది ఆ ఇంటి సామాను.

ఒకరోజు పేటలో పార్టీ పనులు చూసే దాదా వచ్చాడు. మా వాళ్ళకు రేషన్ కార్డు కావాలన్నా, తగవు తీరాలన్నా ఆయనే. మైదానంలో సభ అంటే లారీ ఎక్కమని పిలిచేదీ ఆయనే. టీ గ్లాసు పట్టుకుని, గొయ్యి వైపు చూడకుండా చెప్పాడు. గొయ్యి పూడ్చేస్తారు. అక్కడ కంటైనర్లు పేర్చే యార్డు వస్తుంది.

"మరి నీల్లు?" అంది మామ్మ.

"కుళాయి ఇంకోటి అడుగుదాం మాసీ."

"పదేల్ల నుంచీ అడుగుతున్నావు. ఆ అడిగే నోటికి ఈ నీల్లే పోసినాం."

దాదా తల గోక్కున్నాడు. మంచివాడే. "నీళ్ళ గుంట కోసం యార్డు ఆగదు మాసీ. పైవాళ్ళ చేత ఆపించాలంటే ఏదైనా పెద్ద కారణం చూపించాలి. కొన్నాళ్ళు నేను వాయిదా వేయిస్తూ లాగగలను, అంతే."

ఆ రోజు నుంచి లైన్లలో ఎవరికీ కాలు నిలవలేదు. రేపే మట్టి లారీలు వస్తాయట. కాదట, సోమవారమట. లారీ శబ్దం వినిపిస్తే పొయ్యి మీద కూర వదిలేసి పరుగెత్తేవాళ్ళు. బిందెలు ముందే నింపి దాచుకుందామని కొందరు వంతు తప్పించబోతే నేను అరిచాను. నా అరుపు విని నాకే భయమేసింది.

ఆదివారాల్లో మాకు తెలుగు అక్షరాలు చెప్పడానికి ఒక బ్యాంకు ఆఫీసరు గారు వచ్చేవారు. ఆంధ్రా నుంచి బదిలీ మీద వచ్చి, ఊరికి దక్షిణాన ఎక్కడో ఉండేవారు. మా గడపలో చాప మీద కూర్చుని 'క' గుణింతం చెబుతుంటే, పక్కనే మామ్మ మడమలు రుద్దుకుంటోంది. ఆయన చెప్పడం ఆపేశారు.

"అదేమిటండీ అమ్మగారూ?"

"కాలు రుద్దుకునే రాయి బావూ."

ఆయన చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసి, "రాయి కాదండీ, పన్ను. ఏనుగుదో, ఏనుగు లాంటి దానిదో. ఇది నమిలే వైపు" అన్నారు.

మామ్మ తన కాలి వైపు చూసుకుంది. "ఓలమ్మా! ఇన్నాల్లూ ఏనుగు నోట్లో కాలెట్టినానా?"

ఆయనకు తెలిసిన బెంగాలీ మాస్టారు ఒకాయన కాలేజీలో పాత ఎముకల చదువు చెబుతారట. గొయ్యి విలువైనదని ఆయన రాసిస్తే పూడ్చే పని ఆగవచ్చు. "అన్ని ముక్కలూ ఒకచోట చేర్చి ఉంచండి. వచ్చే ఆదివారం తీసుకొస్తాను" అని వెళ్ళారు.

ఆ వారమంతా ఇల్లిల్లూ తిరిగాను. ఇవ్వడానికి ఎవరికీ మనసొప్పలేదు. తొమ్మిదో ఇంటి ఆవిడ, "మరి దీపం నేల మీద పెట్టమంటావేటే?" అని ఎదురు తిరిగింది. చెలమ పోతే దీపం ఎక్కడ పెడితే ఏమిటని మా అమ్మ అన్నాక ఇచ్చింది. మూలింట్లో మాత్రం లోపలికి అడుగు పెట్టలేకపోయాను. అక్కడ అత్తాకోడళ్ళ మధ్య పెద్ద తగవు నడుస్తోంది. అత్తకు వాళ్ళమ్మ పర్లాకిమిడిలో కొని పెట్టిన కొమ్ము దువ్వెన ఒకటుండేది. ఆరు నెలల కిందట అది కనపడకుండా పోయింది. కోడలే తీసి పుట్టింటికి పంపిందని అత్త. నేనెరగనని కోడలు. "దొంగ సేతి కూడు తినను" అని అత్త వేరే పొయ్యి పెట్టుకుంది. కోడలు నాకంటే అయిదారేళ్ళే పెద్దది. బయటికి వచ్చేటప్పుడు తల మీది కొంగు నుదుటి దాకా లాక్కునేది. లైన్లో కొందరు ఆ పిల్ల ఎదురుపడితే తమ సామాను వైపు ఒకసారి చూసుకునేవాళ్ళు.

శనివారానికి ముప్పై ఒక్క ఎముకలూ, రాయీ మా గడపలోకి చేరాయి. వాటిని చూసి మామ్మ ముఖం చిట్లించింది. సందుల్లో నల్ల బురద ఎండి ఉంది, కొన్నిటికి ఇసుక అంటుకుని ఉంది. పెద్దమనిషి చేతిలో పెట్టేది మట్టితో పెడతామా? పండగ ముందు ఇత్తడి తోమినట్టే కూర్చున్నారు ఆడవాళ్ళంతా. చింతపండు నానబెట్టారు, బూడిద తెచ్చారు, కొబ్బరి పీచు తెచ్చారు. గట్ల మధ్య ఇరుక్కున్న మట్టిని చీపురు పుల్లతో తీశారు. నేనూ నాలుగు తోమాను. కడిగి, తుడిచి, చివరికి కొంచెం పసుపు రాసి చాప మీద వరసగా పేర్చారు. మెరిసిపోయాయి. రాచ్చసులకు పెళ్ళి చేస్తున్నట్టుందని నాన్న చాలా రోజుల తర్వాత నవ్వాడు.

ఆదివారం బ్యాంకు మాస్టారి వెంట ఎముకల మాస్టారు వచ్చారు. సన్నటి మనిషి, చేతిలో గొడుగు, భుజాన గుడ్డ సంచి. చాప ముందు గొంతుక్కూర్చున్నారు. ఒకటి తీశారు, వాసన చూశారు, పెట్టేశారు. ఇంకోటి తీశారు. గబగబా అన్నీ తిప్పి చూశారు. తలెత్తి, "మాటీ కోథాయ్?" అన్నారు.

"మట్టి ఎక్కడ అంటున్నారు" అని బ్యాంకు మాస్టారు చెప్పారు.

"మట్టెందుకు బావూ? సుబ్బరంగా తోమినాం" అంది మామ్మ గర్వంగా.

ఎముకల మాస్టారు ముందు నవ్వారు. తర్వాత రెండు చేతులతో ముఖం కప్పుకున్నారు. ఆయన బెంగాలీలో చెప్పిందాన్ని బ్యాంకు మాస్టారు మాకు తెలుగు చేశారు. ఇక్కడ ఒకప్పుడు అడవి, చిత్తడి నేల. ఏనుగులు, ఖడ్గమృగాలు, జింకలు, తాబేళ్ళు తిరిగేవి. ఇవి వాటివే. కానీ అవి ఈ గోతిలోంచి, ఆ నల్ల పొరలోంచి వచ్చాయని చెప్పగలిగేది వాటికి అంటుకున్న మట్టి ఒక్కటే. అది లేకపోతే ఎక్కడివైనా కావచ్చు. రాయిని ఇంకా ఎక్కువ సేపు చూశారు. గంగ తెచ్చి పోసిన మెత్తటి మట్టి ఇది, ఇందులో రాయి పుట్టదు, ఎవరో మోసుకొచ్చిందే అన్నారు. వేటాడే మనుషులు తెచ్చి ఉంటే గొప్ప సంగతి. ఓడ అడుగున బరువు కోసం వేసుకొచ్చిన రాయయితే ఏమీ కాదు.

"మీరు అబద్ధమాడరని నాకు తెలుసు. నేను నమ్మితే చాలదు" అని మామ్మతో అన్నారు. "ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, మట్టితో సహా నా కళ్ళ ముందు పైకి వస్తే ఈ రోజే రాసిస్తాను. ఊట ఎప్పుడు ఇస్తుంది?"

"ఇచ్చినప్పుడు ఇస్తాది."

ఆయన చెప్పులు విడిచి గోతిలోకి దిగారు. పీపా తీయించారు. తాను చూస్తున్నంతసేపూ ఎవరూ నీళ్ళు తోడకూడదు, ఇసుక కదలకూడదు అన్నారు. అప్పటికి ఆ రోజు వంతు పన్నెండో ఇంటి దాకా వచ్చింది. ముసలి జంట బిందె నిండింది. మూలింటి అత్త చిప్ప పట్టుకుని కూర్చుని ఉంది. మామ్మ నా వైపు చూసింది. నేను, "వంతు ఆగింది" అని అరిచాను.

"నా బిందె ఒక్కటీ అవ్వనీ" అంది అత్త.

"ఆగు. ఇది నిలబడితే జన్మంతా తోడుకుందువు" అంది మామ్మ.

అత్త గొణుక్కుంటూ ఖాళీ బిందె చంకనెట్టుకుని గట్టెక్కింది. మిగతా వాళ్ళూ ఖాళీ బిందెలతో చుట్టూ నిలబడ్డారు. ఎండ నడినెత్తికొచ్చింది. పిల్లలు దాహమని ఏడిస్తే కుళాయి నీళ్ళు పట్టారు, ఉమ్మేశారు. ఎవరూ కూర్చోలేదు. ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ, బిందెలు గాజులకు తగిలి టింగుమంటుంటే, అందరి కళ్ళూ ఆ ఉడికే ఇసుక మీదే. గంగ పోటెక్కే వేళకు ఊట బలం పెరిగింది. ఇసుక పొంగింది. నల్ల బురద ఒక ముద్ద పైకి తేలింది. ఎముకల మాస్టారు దాన్ని రెండు చేతులతో దోసిలిపట్టి తీశారు.

చిన్న బ్రష్షుతో పక్కనున్న బురద కొద్దికొద్దిగా తొలగించారు. లోపల నల్లగా, వంపుగా ఏదో ఉంది. దానికి వరసగా సన్నటి పళ్ళు. ఆయన చెయ్యి ఆగింది. గొంతు తగ్గించి బ్యాంకు మాస్టారితో ఏదో అన్నారు.

"కొమ్ముతో చేసిందట" అని బ్యాంకు మాస్టారు మాకు చెప్పారు. "చేత్తో కోసిన పళ్ళట. మనిషి చేసిన వస్తువు. పాతదైతే చాలా గొప్ప సంగతి అంటున్నారు."

మాకందరికీ అది ఏమిటో తెలుసు. ప్రతి ఆడమనిషీ ఏదో ఒక రోజు దాన్ని అరువడిగి తల దువ్వుకున్నదే. మామ్మ ముఖం చూశాను; ఆమె ఆకాశం వైపు చూస్తోంది. మా అమ్మ తల దించుకుంది. ఎముకల మాస్టారు సంచిలోంచి కాగితం, పెన్ను తీశారు. ఇంకాసేపు అందరూ నోరు మూసుకుంటే చెలమ నిలబడుతుందని నాకు కూడా అర్థమైంది.

మూలింటి అత్త దువ్వెన వైపు చూడటం లేదు. గోతికి అవతల, కొంగు నుదుటి దాకా లాక్కుని నిలబడ్డ కోడలి వైపు చూస్తోంది. కోడలు ఎవరి వైపూ చూడటం లేదు. నోరెత్తలేదు. ఎత్తి ఉంటే ఆ ఒక్క మాటతో ఆరు నెలల మచ్చ పోయేది. మామ్మ చెయ్యి చాచి అత్త మోచేతి దగ్గర గట్టిగా గిల్లడం నేను చూశాను.

"అది నాది" అంది అత్త.

"ఊరుకోయే!" అంది మామ్మ పళ్ళ మధ్య నుంచి.

"ఊరుకోను. అది నాది బావూ! నా దువ్వెన. మాయమ్మ పర్లాకిమిడిలో కొన్నాది. ఈడ వంగి నీల్లు తోడినప్పుడు తల్లోంచి జారిపోయినట్టున్నాది." తర్వాత గొంతు చీల్చుకుని, గోతికి అవతలికి వినపడేలా అరిచింది. "ఇంటున్నారా అందరూ? ఈ పిల్ల తియ్యలేదు! ఆర్నెల్ల నుంచీ నాను దొంగన్నాను. దొంగ ఈ ఊట! పిల్ల తియ్యలేదు!"

కోడలు అక్కడే చతికిలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

బ్యాంకు మాస్టారికి దీన్ని ఎలా బెంగాలీ చేయాలో తెలియలేదు. అవసరం లేకపోయింది. ఎముకల మాస్టారు దువ్వెన వైపు, అత్త తల వైపు మార్చి మార్చి చూసి, పెద్దగా నవ్వారు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. దువ్వెనను నీళ్ళలో ఆడించి రెండు చేతులతో అత్తకు ఇచ్చారు. కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నారు. నిన్నమొన్న పడిన దువ్వెన అంత లోతు నుంచి వచ్చిందంటే ఈ ఊటలో ఏది ఎప్పటిదో ఎవరూ చెప్పలేరని అన్నారు. వచ్చే సెలవు రోజుకు పొడుగాటి గొట్టం తెస్తాను, ఊటను వదిలేసి గోడలోని నల్ల పొరలోంచే మట్టి తీసి చూపిస్తాను, అంతవరకు ఎలాగైనా ఆపించుకోండి అని వెళ్ళారు.

అప్పటికి చెలమ నీళ్ళు నల్లగా కలగిపోయాయి. "తెల్లారి తేరుతాయి. వంతు రేపు పిలువు" అంది మామ్మ నాతో.

తెల్లారి లారీలు వచ్చాయి.

దాదా లాగగలిగినంతా లాగాడట. ఆ రోజు లైన్లలోకి రాలేదు. లారీ డ్రైవరు టీ తాగేదాకా ఆగుతానన్నాడు. ఆ కాసేపట్లో మామ్మ చాప చుట్టి, ఎముకలన్నీ అందులో పెట్టుకుని గోతిలోకి దిగింది.

"ఏటి సేస్తున్నావు?" అంది మా అమ్మ.

"మట్టి కావాలన్నాడు కదా ఆ బావు. మట్టి అంటించడం మనకి రాదు. అదే అంటించుకుంటాది. ఎప్పుడో ఎవడో తవ్వుతాడు, అప్పుడు మట్టితోనే తీస్తాడు."

ఆడవాళ్ళందరం దిగాం. ఒక్కొక్కటిగా నల్ల పొరలోకి, చెయ్యి పట్టినంత లోతుకి నొక్కాం. మామ్మ తన పన్నును అరిచేత్తో ఒకసారి తుడిచి, నమిలే వైపు కిందికి పెట్టి నొక్కింది. మా అమ్మ రాయిని నొక్కింది. మూలింటి అత్త తలలోంచి దువ్వెన తీసి, "నా వల్లే కదా ఇదంతా, దీన్నీ ఏసేస్తాను" అంది.

"ఏసి సూడు, నీ సెయ్యిరగ్గొడతాను" అంది మామ్మ. "మల్లీ తవ్వినోడు మల్లీ ఇదే గోల పడాలా?"

ఆ గోతిలో, ఆ పొద్దున, లారీ ఇంజను పైన గురగురలాడుతుంటే, మేమంతా నవ్వాం. కోడలు కూడా నవ్వింది. ఆ దువ్వెనను అత్త చేతిలోంచి తీసుకుని తనే ఆమె ముడిలో గుచ్చింది. ఆ సాయంత్రం మూలింట్లో ఒక్క పొయ్యే వెలిగింది.

ఎముకల మాస్టారు అన్న మాట ప్రకారం సెలవు రోజున గొట్టంతో వచ్చారట. అప్పటికే గొయ్యి పూడిపోయింది, యార్డు గేటు దగ్గర కాపలావాడు లోపలికి పోనివ్వలేదు. కాసేపు నిలబడి చూసి వెళ్ళిపోయారని బ్యాంకు మాస్టారు చెప్పారు. ఆయనకూ ఆ ఏడాదే బదిలీ అయింది. నాకు గుణింతాలు సగంలో ఆగిపోయాయి. తెలుగు చదవడం తర్వాత కూడగట్టుకుని నేనే నేర్చుకున్నాను. ఈ ముక్క రాస్తుంటే ఇప్పటికీ వత్తుల దగ్గర చెయ్యి ఆగుతుంది.

నీళ్ళు లేక లైన్లు ఖాళీ అయ్యాయి. కొందరు వాట్‌గంజ్‌లో గదులు తీసుకున్నారు, కొందరు తిరిగి శ్రీకాకుళం వెళ్ళిపోయారు. కొందరి జాడ తెలియదు. ఆ తర్వాత లైన్లనే పడగొట్టారు. అత్త ఆ రోజు నోరు మూసుకుని ఉంటే ఏమయ్యేదని నేను ఎన్నోసార్లు ఆలోచించాను. ఒక రోజు ఒకలా తేలుతుంది, ఇంకో రోజు ఇంకోలా. ఒక పక్కన ఇరవై మూడు ఇళ్ళ నీళ్ళు, ఇంకో పక్కన ఒక పిల్ల. నాకు తెలిసిన ఏ లెక్కలోనూ ఈ రెండూ ఒకే గడిలో పట్టవు.

మూలింటి అత్త వాట్‌గంజ్‌లోనే చాలా ఏళ్ళు బతికింది. పెళ్ళిళ్ళలో, చావుల్లో ఎక్కడ కనపడినా నన్ను అందరి ముందూ నిలదీసేది. "ఒలే, లెక్కలమ్మా! నా బిందె ఎప్పుడిస్తావే?" అని. నేను, "వంతు పిలవగానే అత్తా" అనేదాన్ని. అందరూ నవ్వేవారు. చివరిసారి ఆసుపత్రిలో చూసినప్పుడు ఆమెకు మాట పడిపోయి ఉంది. నన్ను గుర్తుపట్టి, చెయ్యి లేపి, చంకలో బిందె పట్టుకున్నట్టు చూపించింది. మంచం పక్కన నిలబడ్డ కోడలు, "ఇస్తాదిలే అత్తా" అంది.

వంతు పన్నెండో ఇంటి దగ్గర ఆపింది నేను. మళ్ళీ పిలవాల్సింది కూడా నేనే. ఆ రోజు నీళ్ళు అందని ఇళ్ళలో మా ఇల్లూ ఉంది, దాన్ని తీసేయలేదు. అత్త పోయిందని ఆమెదీ కొట్టేయలేదు. బాకీ మనిషికి కాదు, ఇంటికి. ఆ ఇళ్ళు లేకపోవడం బాకీ తీరినట్టు కాదు. పదమూడు నుంచి ఇరవై మూడు దాకా, ఈ రోజుకి ఇవ్వాల్సినవి పదకొండు బిందెలు.